గాదెకు దూరమైన చేను

తెలుగువారి పూర్వులు దేశమునకు వచ్చు ఉపద్రవములను ఈతిబాధలని పేర్కొని ఆఱుగా లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగున పొంచియుండు రాజులు - ఇవి ఆ ఆఱు. ఈ లెక్కలో ఒక విశేషము కలదు. అనావృష్టి ఇందున్నది గాని కరవు ఇందు లేదు. వాన కురియకుండుట ఒకటి. మనుష్యునకు అన్నము దొరకకుండుట వేఱొకటి. మొదటిది ఆకాశమునకు సంబంధించినది. రెండవది నేలమీది ఏర్పాట్లకు సంబంధించినది. ఒకదాని వెంట మఱియొకటి వచ్చుట లోకములో తఱచుగా జరుగుచున్నదే కాని, తప్పక రావలెనను నియమ మేమియు లేదు. ఆ రెంటి నడుమ చెఱువున్నది, గాదెయున్నది, కూలియున్నది, ధరయున్నది, ప్రభుత్వమున్నది. ఇవి నిలిచిన చోట అనావృష్టి అనావృష్టిగానే ముగియును. ఇవి కూలిన చోట అది కరవుగా మాఱును.

ఈ భేదమును బోధించుటకు తెలుగునేలపై రాయలసీమను మించిన పాఠశాల లేదు. అందును అనంతపురము సీమ ముఖ్యమైనది. 2022 లో శ్రీ సత్యసాయి జిల్లా వేఱుపడుటకు పూర్వముండిన అనంతపురము జిల్లాలో సంవత్సరమునకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అనగా 22 అంగుళములు మాత్రమే. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలకు ఆవలనే తన భారమును దించుకొని ఇచటికి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును తడిపి, ఇచటికి చేరునప్పటికి అలసిపోవును. రెండు పంక్తులలో కూర్చుండియు ఏ పంక్తిలోను కడుపు నిండని అతిథివంటిది ఈ సీమ.

ఆ సగటు లెక్కయు నమ్మదగినది కాదు. ఆషాఢమున రెండు పదునుల వాన పడును. రైతు విత్తును. మొలక వచ్చును, పూత వచ్చును. అంతట ముప్పది దినములు మబ్బు కనబడదు. చేను మాడిన తరువాత, కోతకాలమున, రెండు దినములలో కుండపోతగా కురియును. సంవత్సరాంతమున కూడిక వేసినచో లోటు స్వల్పమే. కాగితము మీద వాన కలదు. చేనిలో గింజ లేదు. పైరునకు కావలసినది ఏడాది మొత్తము కాదు, ఆయా దినములకు తగిన తడి. ఇది రైతు తాతముత్తాతల నుండి ఎఱిగిన సంగతి. అందుచేతనే అతని సేద్యము వానను నమ్మి కాక, వానను శంకించి ఏర్పడినది.

చావు కరవులు

వెనుకటి చరిత్ర భయంకరమైనది. 1876-78 సంవత్సరముల నాటి ధాత కరవు దక్షిణాపథమును ఊడ్చిపెట్టినది. 1871 జనగణనమున 9 లక్షల 14 వేలుగా నుండిన కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 నాటికి 6 లక్షల 79 వేలకు దిగినది. పదియేండ్లలో నలుగురిలో ఒకరు లేకపోయిరన్నమాట. అప్పటికే రైలుమార్గములు ఉన్నవి. బండ్లలో ధాన్యమును వచ్చుచుండెను. కాని దానిని కొనగల కాసు కూలివాని చేతిలో లేదు. అట్టి సమయమున రాజప్రతినిధి పంపిన సర్ రిచర్డు టెంపులు, సహాయపు పనులకు వచ్చిన మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని 1877 జనవరిలో నిర్ణయించెను. ఎండలో రాళ్లు కొట్టు మనుష్యుడు ఈ పాటి తిండితో బ్రదుకజాలడని మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిషు ఎదిరించి వాదించెను. ఆ కూలిని తిరిగి పెంచుటకు మే మాసము వఱకు పట్టినది. ఈ నడుమ కాలమున పోయిన ప్రాణములకు లెక్క లేదు.

1880 నాటి క్షామ సంఘము నివేదికయు, 1883 నాటి క్షామ నిబంధనావళియు ఆ చావులనుండి పుట్టినవే. కరవనగా ధాన్యము లేకపోవుట మాత్రమే కాదు, ధాన్యమును పొందగల శక్తి లేకపోవుట అని ఆ నిబంధనలు వ్రాసినవారు కొంతవఱకు గ్రహించిరి. నూఱేండ్ల తరువాత, 1981 లో, అమర్త్యసేను 1943 నాటి వంగదేశపు కరవును పరిశీలించి ఈ సత్యమునే శాస్త్రముగా నిరూపించెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదపను సీమకు శాంతి లేదు. 1950 దశకపు ఆరంభమున వరుసగా వానలు తప్పగా 1952 లో గంజికేంద్రములు తెఱువవలసి వచ్చినది. ఆ దినముల సీమ బ్రదుకునే విద్వాన్ విశ్వము ‘పెన్నేటి పాట’గా చేసి 1956 లో ప్రకటించెను. నీళ్లులేని ఏటిపేర ఒక కావ్యము వెలసిన దేశమిది.

ఆనాటినుండి నేటివఱకు జరిగిన మార్పు సామాన్యమైనది కాదు. 1983 లో ఆంధ్రప్రదేశమున కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చు పథకము వచ్చినది. 2006 ఫిబ్రవరిలో గ్రామీణ ఉపాధిహామీ పథకమునకు దేశమంతటికిని అనంతపురము జిల్లా బండ్లపల్లెలోనే ప్రారంభోత్సవము జరిగినది. 2013 నాటి ఆహారభద్రత చట్టము మనిషి ఒక్కింటికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా చేసినది. 2023 నుండి ఆ ధాన్యము ఉచితముగా లభించుచున్నది. ధాత కరవునాటి చావులు నేడు లేవు. ఇది ప్రజాస్వామ్యము సాధించిన విజయము. బియ్యము ఉచితముగా పంచుట సోమరితనమును పెంచుటయని పట్టణములలో కూర్చుండి పలుకువారు ఒక వేసవిని సీమ పల్లెలో గడిపి వచ్చిన పిమ్మట మాటలాడుట మంచిది.

అయినను ప్రాణము నిలిచినంతమాత్రమున సేద్యము నిలిచినదని చెప్పుటకు వీలులేదు. ఆ బియ్యపు బస్తా వెనుక ఒక నష్టము దాగియున్నది. దానిని గూర్చి ఆలోచించువారు తక్కువ.

పాతర నుండి అంగడికి

పూర్వము మెట్టరైతు ఒక్క పైరును నమ్మినవాడు కాడు. కొఱ్ఱలో కంది సాళ్లు వేయును. జొన్నలో అనుములు, అలసందలు కలుపును. ఒకమూల సజ్జ, ఒకమూల ఆముదము. చెఱువుక్రింద మడి కలవాడు రాగి నాటును. అన్నియు పండు సంవత్సరము అరుదు. అన్నియు ఎండు సంవత్సరమును అరుదు. ముందు వాన తప్పినచో కొఱ్ఱ పోయి కంది మిగులును. వెనుక వాన తప్పినచో కంది పోయి కొఱ్ఱ మిగులును. మనుష్యునకు గింజ, ఎద్దునకు చొప్ప, నేలకు పెంట - మూడును ఆ చేనినుండియే వచ్చుచుండెను. పొట్టు తీయని కొఱ్ఱలు ఏండ్ల తరబడి పురుగు పట్టక నిలుచును. జొన్నలను పాతరలో పోసి కప్పినచో మఱుసటి యేటి అనావృష్టికి అదియే భీమా పత్రము. ఆహారభద్రత అను పదము పుట్టకమునుపే ఆ పల్లెలలో ఆ వస్తువు కొంత కలదు. అందఱి ఇండ్లలోను కలదనుట అసత్యమగును. భూమిలేని కూలికి పాతర లేదు. పెద్ద కరవులలో ముందుగా రాలినవాడు వాడే. కాని ఊరిలో గింజయుండిన కాలమున వాని కూలియు గింజగానే ముట్టుచుండెను.

ఈ ఏర్పాటును వేరుసెనగ మార్చివేసినది. సీమలో చెనక్కాయలనియు బుడ్డలనియు పిలుచు ఈ పంట ఎఱ్ఱ గరపనేలకు సరిపడినది. చేతికి రొక్కము తెచ్చినది. 1986 లో నూనెగింజల ఉత్పత్తిని పెంచుటకు కేంద్ర ప్రభుత్వము ప్రత్యేక ఉద్యమము నడపగా దీనికి మఱింత ఊపు వచ్చినది. ఒకానొక దశలో అనంతపురము జిల్లాలోనే 7 లక్షల హెక్టార్లకు మించి వేరుసెనగ వేసిరి. దేశములో మఱి యే జిల్లాలోను అంత విస్తీర్ణము లేదు. కొఱ్ఱ, సజ్జ, అరిక గట్టు దిగి వెడలిపోయినవి. ఇటీవల వేరుసెనగ విస్తీర్ణము తగ్గి కందియు, ఆముదమును, పండ్లతోటలును కొంతచోటు తీసికొన్నవి గాని, వెడలిపోయిన తిండిగింజలు మాత్రము తమ పూర్వపు స్థానమునకు తిరిగి రాలేదు.

వానతప్పిన యేట ఈ రెండు సేద్యములకు గల తేడాను విత్తనమునందే చూడవచ్చును. ఎకరమునకు వేరుసెనగ పప్పు 50 కిలోలకు తక్కువ కాకుండ కావలెను. కొఱ్ఱ రెండు కిలోలు చాలును. వేరుసెనగ ఊడలు దించు వేళకు, కాయ ఊరు వేళకు నేలలో తడి లేకపోయిన యెడల, రైతు పోగొట్టుకొనునది పంట మాత్రమే కాదు. విత్తనముగా నేలలో పోసిన వేల రూపాయలు. అవి తఱచుగా అప్పుగా తెచ్చినవి. కొఱ్ఱ పోయినచో పోయినది రెండు దోసిళ్లు. అదియుగాక కొఱ్ఱ 80, 90 దినములలో చేతికి వచ్చును. ఆషాఢము దాటి శ్రావణమున వాన వచ్చినను విత్తుకొనవచ్చును. అనగా వాన ఆలస్యమైన రైతునకు రెండవ అవకాశము కలదు.

ఇక తిండి మాట. వేరుసెనగ పోయినచో ఇంటిలో గింజయు లేదు, కొనుటకు రొక్కమును లేదు. వెనుకటి వలె వాన ఒక్కటి తప్పుట కాదు. ఒకేమాఱు చేనును, అంగడియు తప్పినవి. పశువులను అయినకాడికి అమ్ముదురు. బోరుబావి వేయుదురు, అందు నీరు పడనిచో మఱియొకటి వేయుదురు. కదిరి ప్రాంతపు కుటుంబములు తాళము వేసి బెంగుళూరు దారి పట్టును. ముసలివారు, పిల్లలు ఇంట మిగులుదురు. గత మూడు దశాబ్దములలో సీమ పల్లెలలో జరిగిన రైతుల ఆత్మహత్యలు ఆకలిచావులు కావు. అవి అప్పుచావులు. ధాత కరవునాటి మృత్యువు రూపము మార్చుకొని వచ్చినదని చెప్పవలెను.

ఎవరి చేనిని కొనుచున్నారు?

ఈ దుఃస్థితికి వాననే నిందించుట న్యాయము కాదు. ఆహారభద్రత పథకము పంపిణీ పథకము మాత్రమే కాదు. అది కొనుగోలు పథకమును. చౌకధరల దుకాణమున ఏ గింజ ఇత్తురో ఆ గింజను ప్రభుత్వము ఎక్కడనో ఒకచోట కొనవలెను. అది కొనుచున్నది ప్రధానముగా వరి. వరి పండునది కాలువలక్రింద. గోదావరి, కృష్ణా మండలములలోని రైతునకు నీటి రక్షణయొకటి, కొనుగోలు రక్షణయొకటి - రెండు రక్షలున్నవి. అతనికవి ఉండవలసినవే, వాటిని ఎవ్వరును తప్పుపట్టరాదు. కాని నీరులేని మెట్టరైతునకు ఆ రెండవ రక్షణయు లేకపోవుట ఏ ధర్మము? కరవుసీమకు బియ్యము వచ్చుచున్నది. కరవుసీమ గింజను కొనువాడు రాకున్నాడు. తన చేనిలో పండగల గింజకు అంగడి లేదు. తాను తిను గింజ తన చేనిలో పండదు. మెట్టరైతు అన్నము తినుచున్నాడు గాని, ఆ అన్నము అతని సేద్యమును విడిచి పోయినది.

పైగా వరికి గల ఈ ఆదరణ చూచి మెట్టనేలలోను బోరులక్రింద వరి వేయువారు కలరు. భూగర్భమున మిగిలిన కొద్దిపాటి తడియు ఆ మడులలో ఆవిరియగుచున్నది. అనావృష్టిని తట్టుకొను గింజను విడిచి, నీటిని మిక్కిలి త్రాగు గింజను కరవునేలలో పండింపజేయుట ధరల పట్టిక చేసిన పని. మేఘము చేసిన పని కాదు.

చట్టమునందు దీనికి ఆటంకము లేదు. 2013 నాటి చట్టము బియ్యమునకు కిలో మూడు రూపాయలు, గోధుమకు రెండు రూపాయలు, ముతకధాన్యములకు ఒక రూపాయి అని మొదటనే ధర వ్రాసియుంచినది. అనగా జొన్నకు, సజ్జకు, రాగికి ఆ పంక్తిలో విస్తరి వేయబడినది. వడ్డన జరుగవలసినంతగా జరుగలేదు. 2018 లో ఈ ముతకధాన్యములకు పోషకధాన్యములని పేరు మార్చిరి. 2023 ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపిరి. పేరు మాఱినది, పెద్ద నగరముల అంగళ్లలో కొఱ్ఱల ధరయు పెరిగినది. కాని కేంద్రము ఏటేట ప్రకటించు మద్దతు ధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగి కలవు గాని కొఱ్ఱకు, సామకు, అరికకు ప్రత్యేక స్థానము లేదు. మధుమేహము గల ధనికునకు పథ్యముగా కొఱ్ఱ గౌరవము పొందినది. దానిని పండింపగల పేదరైతునకు జీవనాధారముగా ఇంకను గౌరవము పొందలేదు.

ఆక్షేపణలు

ఈ వాదమునకు ఆక్షేపణలు లేకపోలేదు. రైతు తెలివితక్కువై వేరుసెనగ వేయలేదు. అప్పు తీర్చుటకు, పిల్లల చదువునకు, పెండ్లికి రొక్కము కావలెను; రొక్కము తెచ్చు పంటను ఎన్నుకొనెను. ఇది సత్యమే. కనుక అతనికి ఉపదేశములు చేయుట వ్యర్థము. కొఱ్ఱకు, జొన్నకు నమ్మకమైన ధరయు, ఊరి సమీపముననే కొనుగోలును ఉన్నచో ఆ ఎన్నిక అతడే మార్చుకొనును. వేరుసెనగను పూర్తిగా విడువవలెననియు ఎవ్వరును కోరరు. పొలములో కొంతభాగము తిండిగింజకు మరలినను చాలును.

రెండవది స్త్రీల శ్రమ. కొఱ్ఱలు దంచుట, సామలు దంచుట ఎంత కష్టమో రోలు, రోకలి ఎఱిగిన తల్లులకే తెలియును. చౌకబియ్యము రాగానే వారు రోకలిని మూలపెట్టుటలో ఆశ్చర్యము లేదు. ఆ రోకలిని తిరిగి వారి చేతికిచ్చు సంస్కరణ సంస్కరణ కానేరదు. ప్రతి నాలుగైదు పల్లెలకు ఒక చిరుధాన్యపు మరయైనను పెట్టిన తరువాతనే వాటిని తినుమని చెప్పుటకు అర్హత కలుగును.

మూడవది గౌరవమునకు సంబంధించినది. సీమ పేదయింట ఒకప్పుడు వరియన్నము పండుగనాటి భోజనము. అది నిత్యభోజనమైనప్పుడు, మరల సంగటికి పొమ్మనుటకు ఇతరులకేమి అధికారము? ఈ ప్రశ్న న్యాయమైనది. అందుచేత బియ్యమును తగ్గించి దాని స్థానమున బలవంతముగా జొన్న ఇచ్చుట తగదు. కోరినవారికి కోరిన గింజ ఇవ్వవలెను. నెలకు 5 కిలోలనగా దినమునకు 165 గ్రాములకు కొంచెము ఎక్కువ. కష్టముచేయు మనుష్యునకు అది చాలదు. బియ్యమునకు తోడుగా అదనముగా చిరుధాన్యము ఇచ్చినచో ఆక్షేపించువారుండరు. వసతిగృహములలో, అంగన్‌వాడీలలో, బడుల మధ్యాహ్న భోజనములో వారమునకు కొన్ని పూటలు వండినచో ఎదుగు పిల్లలకు బలమును, మెట్టరైతునకు అంగడియు ఒక్కమాఱే లభించును.

ఇది ఊహాలోకపు మాట కాదు. తెలంగాణములో జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘములు 1990 దశకమున బీడుపడిన చేలను దున్నించి జొన్న పండించి, ఆ గింజను ఊరిలోనే నిలువచేసి, ఊరిలోని పేదలకే తక్కువ ధరకు అందించినవి. వారిలో అనేకులు చదువుకొనని దళిత స్త్రీలు. ఎవరికి ఎంత అవసరమో నిర్ణయించుటకు వారికి ఏ కచేరీ సహాయమును కావలసిరాలేదు. ఒడిస్సా ప్రభుత్వము 2017 లో చిరుధాన్యముల ఉద్యమము ప్రారంభించి గిరిజన ప్రాంతములలో రాగులను రైతులవద్ద కొని, చౌకధరల దుకాణములద్వారా పంచినది. పొరుగున సాధ్యమైనది అనంతపురమున అసాధ్యము కానేరదు.

నీటిని గూర్చియు ఒక మాట అవసరము. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము, అచటి చెఱువును వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు శ్రమించి కట్టినట్లు చెప్పుచున్నది. అట్టి చెఱువులను పూడనిచ్చి ఊరకుండుట క్షమింపరాని అశ్రద్ధ. హంద్రీ-నీవా కాలువ కృష్ణానీటిని అనంతపురము సీమకు తెచ్చుట సంతోషింపదగిన సంగతి. అయినను ఎన్ని కాలువలు త్రవ్వినను సీమ నేలలో అధికభాగము వానమీద ఆధారపడక తప్పదు. కాలువ వచ్చువఱకు ఓర్చుకొమ్మని ఆ నేలతో చెప్పుట, ఎన్నడును రాని బండికై ఎదురుచూడుమనుటయే.

అనావృష్టిని ఆపగల ప్రభుత్వము లోకమున లేదు. అది మఱల వచ్చును. సీమకు అది చుట్టము కాదు, ఇంటివాడే. వచ్చిన యేట ప్రభుత్వము మండలముల పట్టిక ప్రకటించును, పశుగ్రాసము పంపును, బియ్యపు బస్తాలు లెక్కించును. ఆ లెక్క అవసరమే. కాని దాని ప్రక్కన మఱియొక లెక్కయు వ్రాయవలెను: ఆ యేట ఎన్ని ఇండ్లలో సొంత గింజ మిగిలినది? ఎన్ని జతల ఎద్దులు అమ్ముడుపోక కొట్టములోనే నిలిచినవి? ఎందఱు మఱుసటి ఆషాఢమునకు అప్పు లేకుండ విత్తనము చేతపట్టిరి? మొదటి లెక్క దయను కొలుచును. భద్రతను కొలుచునది రెండవ లెక్క.